ఉప్పు చూసే మనిషి

తూకం ఎక్కేముందు ఆవిడ చెప్పులు విప్పింది, చేతి గడియారం తీసింది, చెవికమ్మలు కూడా ఊడదీసి మొగుడి అరచేతిలో పెట్టింది. కమ్మలు ఎంత బరువుంటాయే అని అతను ఎగతాళి చేయబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. ఊపిరి బిగబట్టి ఎక్కింది. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. దిగి, మళ్ళీ ఎక్కింది. అవే అంకెలు.

"రెండు కిలోలు పెరిగారమ్మా," అంది డైటీషియన్, కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుంటూ. "రెండు నెలల్లో."

ఆవిడ కుర్చీలో కూర్చుని సంచిలోంచి నీలం అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అయి మూడేళ్ళు. అప్పటినుంచి రాస్తున్న పుస్తకాల్లో ఇది ఏడోది. పేజీకి ఒక రోజు. ఏ పూట, ఏం తిన్నది, ఎంత తిన్నది, తిన్నాక ఒంట్లో ఎలా ఉంది. ఉదయం పెరుగు చిన్న గిన్నెడు, ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం సూప్ అరగిన్నె, చేప రెండు ముక్కలు, కూర మూడు చెంచాలు, ఆఖర్న అన్నం ఒక చెంచా, అదీ సగం వదిలేశాను. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

డైటీషియన్ పేజీలు తిప్పింది. ఒకచోట వేలు ఆగింది. "ఇక్కడ గుండె దడ, చెమటలు అని రాశారు. ఇక్కడ కూడా. ఇది తీపి తిన్నప్పుడు వచ్చేది కదమ్మా. ఏం తిన్నారు?"

"పెరుగేనండీ. అందులో రాసిందే తిన్నాను."

"ఉత్త పెరుగుకి దడ రాదు." ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు, అదే ఇంకా చెడ్డగా ఉంది. "చూడండి, రెండు కిలోలు పెద్ద విషయం కాదు. కానీ ఈ పుస్తకానికీ ఆ తూకానికీ పొంతన కుదరడం లేదు. మూడో ఏడు వచ్చేసరికి అందరికీ ఇంతే. మొదట్లో ఉన్న భయం పోతుంది. చెయ్యి తెలియకుండా డబ్బాలోకి వెళుతుంది, నోరు తెలియకుండా నములుతుంది. సిగ్గుపడక్కర్లేదు. రాసెయ్యండి, అంతే."

"రాయకుండా నేను ఒక్క మెతుకు ముట్టలేదు మేడం."

"సరేనమ్మా," అంది డైటీషియన్, నమ్మనివాళ్ళు అనే 'సరే'. తర్వాత అతనివైపు తిరిగింది. "మీరు ఇంట్లో కాస్త కనిపెట్టి ఉండండి. ఎక్కడైనా ఏమైనా దాచుకుంటున్నారేమో. తిట్టొద్దు, ఊరికే గమనించండి."

"చూస్తానండీ," అన్నాడు అతను, కమ్మలు పిడికిట్లో బిగించి.

అతన్ని ఊరంతా మాస్టర్ అంటారు. పంతులుగా కాదు, వంటమాస్టర్‌గా. ఆఫీసుల వీధి చివర మెస్ నడుపుతాడు, వెనక గదుల్లోనే కాపురం. మధ్యాహ్నం అరవైమంది అతని చేతివంట తిని వెళతారు. వడ్డించేది ఆవిడే, ఆ అరవైమందీ అక్కా అంటారు. అక్క తెల్లమొహం వేసుకుని బల్ల ముందు కూర్చుని ఉంటే, మాస్టర్‌కి ఆ క్షణాన సంతోషం వేసింది. ఉన్నమాట ఒప్పుకోవాలి. మూడేళ్ళుగా ఇంట్లో పొద్దున లేస్తే 'మేడం చెప్పారు', పడుకోబోతే 'మేడం చెప్పారు'. నీళ్ళు తినేటప్పుడు తాగకూడదని మేడం చెప్పారు, తిన్నాక అరగంట ఆగాలని మేడం చెప్పారు, ముందు గుడ్డో చేపో తిని ఆ తర్వాతే అన్నం జోలికి వెళ్ళమని మేడం చెప్పారు. ఒకరోజు కూర్చుని ఎంచితే పదిహేడు మేడంలు వచ్చాయి. ఆ మేడం ఇవాళ ఈవిడ మాట నమ్మలేదు. బాగా అయింది అనుకున్నాడు.

బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. మూడు స్టాపులు దాటాక, "ఏమండీ, నేను తింటున్నానంటారా?" అంది.

"ఏమో," అన్నాడు మాస్టర్. "నేనెప్పుడూ చూళ్ళేదు."

అది అబద్ధం కూడా కాదు. ఆవిడ తినడం అతను చూడలేదు. పెట్టింది మాత్రం అతనే. నలభై రోజులుగా ఆవిడ సూప్‌లో రెండు చెంచాల వెన్న కరిగించి, కవ్వంతో చిలికి, తేలకుండా కలిపేస్తున్నాడు. చేప మీద మీగడ రాసి, అది ఆనవాలు లేకుండా ఇంకేదాకా సెగ మీద ఉంచుతున్నాడు. పెరుగులో తేనె. పాతికేళ్ళు వంటలో పండిన చెయ్యి అది, ఏదైనా దాచగలదు.

*

మర్నాడు పొద్దున ఏడింటికి మెస్ వంటగదిలో పెద్ద పొయ్యిలు రెండూ వెలిగాయి. కూరలు తరిగే ముసలామె, అందరికీ పెద్దమ్మ, మూలన స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు కోస్తోంది. మాస్టర్ పెద్ద గుండిగలో నీళ్ళు పోసి, ఎముకలు వేసి, పైకి వచ్చిన నురగ గరిటెతో తీసి పారబోస్తున్నాడు. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. మనసు మాత్రం పక్కనున్న చిన్న గిన్నె మీదే ఉంది.

అది ఆవిడ గిన్నె. అరచేతిలో పట్టేంత. దాంట్లో పట్టినంతే ఆవిడ తిండి. తినేటప్పుడు ఒక్కో ముక్కని అంతసేపు నమిలేది, చూసేవాళ్ళకి దవడలు నొప్పి పుట్టేవి. మొదట్లో మాస్టర్ ఎదురుగా కూర్చునేవాడు. తన పళ్ళెం ఖాళీ అయ్యేసరికి ఆవిడ మూడో ముక్కలో ఉండేది. కడుపు నిండిందన్న మొదటి సూచన రాగానే చెంచా పక్కన పెట్టేసేది, అది గిన్నెలో సగం ఉన్నా సరే. వండినవాడికి సగం వదిలేసిన గిన్నె చూడ్డం కంటే అవమానం లేదు. రెండు నెలలు పోయాక మాస్టర్ ఎదురుగా కూర్చోవడం మానేశాడు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. పెళ్ళైన నాటినుంచి గుండిగ దింపేముందు అతను చెంచాతో తీసి, ఊది, ఆవిడ నోటికి అందించేవాడు. "ఉప్పు చూడు." ఆవిడ కళ్ళు మూసుకునేది. "ఒక పిసరు." లేదా, "చాలు, దించెయ్యండి." ఆ మాటే ఆఖరు. అతను తన వంట తాను ఎప్పుడూ రుచి చూసుకోలేదు, అవసరం పడలేదు. మెస్‌కి పేరొచ్చింది తన చేతివల్ల అని ఊరు అనుకునేది. ఆ నాలుకవల్ల అని వాళ్ళిద్దరికే తెలుసు. ఆపరేషన్‌కి ముందు ఆ కళ్ళద్దాల పిల్ల అడిగింది, రోజంతా ఏమేం తింటారమ్మా అని. ఆవిడ చెప్పింది. పిల్ల రాసుకుంది. "మీ బరువులో సగం ఈ ఉప్పు చూడ్డమే," అంది. "ఇక మానెయ్యాలి." మానేసింది. అంత తేలిగ్గా మానేసింది.

ఇప్పుడు పెద్దమ్మే ఉప్పు చూస్తోంది. ఆమెకి పళ్ళూ లేవు, నాలుక మీద రుచీ లేదు. ఏది పెట్టినా "బ్రహ్మాండం నాయనా" అంటుంది.

మాస్టర్ వీపు అడ్డంపెట్టి వెన్న డబ్బా మూత తీశాడు. రెండు చెంచాలు చిన్న గిన్నెలోకి జారాయి. కవ్వం తిప్పుతుంటే వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"నువ్వు దొడ్డ మనిషివి నాయనా. లోకంలో ఎంతమంది మొగుళ్ళు పెళ్ళాం గిన్నెలో వెన్న వేస్తారు? పిల్ల చిక్కి సగమైపోయిందని నాకూ బెంగగానే ఉంది."

"ఆవిడతో అనకు పెద్దమ్మా. తెలిస్తే తినదు."

"నాకెందుకులే," అంది పెద్దమ్మ, ఉల్లిపాయకి కళ్ళు తుడుచుకుంటూ.

అరవైమంది తిని వెళ్ళాక, రెండున్నరకి ఆవిడ తన గిన్నెతో వంటగదిలో బల్ల ముందు కూర్చుంది. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగింది.

"చిక్కగా ఉందండీ. వెన్న వేశారా?"

"వెన్నా? నీకా?" అన్నాడు మాస్టర్, గుండిగ తోముతూ.

"నాలుక మీద పొరలా అంటుతోంది."

"నీ నాలుక ఎక్కడుంది ఇంకా? ఆపరేషన్‌తోనే పోయింది. నువ్వు ఒప్పుకోవు గానీ నేను ఎప్పుడో గమనించాను." గుండిగ లోపలికి తల దూర్చి అన్నాడు కాబట్టి మాట బోలుగా మోగింది. "పోయినవారం పెరుగు తియ్యగా ఉందన్నావు. ఉత్త పెరుగు అది."

ఆవిడ చెంచావైపు చూసింది. నాలుగు చెంచాలు తాగి గిన్నె పక్కకి జరిపింది, ఇంకా సగం పైనే ఉంది. గుడ్డు ముట్టనేలేదు. పుస్తకం తెరిచి రాసుకుంది.

"గుడ్డు తినవే," అన్నాడు మాస్టర్. నోరు జారి వచ్చిన మాట అది.

"వద్దండీ. రెండు కిలోలు దిగేదాకా ఇంతే."

సాయంత్రం అతను సామాన్ల గదిలోకి వెళితే ఆవిడ నేలమీద కూర్చుని ఉంది. తన చేతిసంచీ బోర్లించి, దులిపి, అడుగు కుట్లలో వేళ్ళు పెట్టి వెతుకుతోంది. పక్కన చలికోటు జేబులు బయటికి లాగేసి ఉన్నాయి. దిండు గలీబు కూడా విప్పేసింది.

"ఏం పోయింది?"

"ఏం పోలేదు. బిస్కెట్ పొట్లమో, చాక్లెట్ కాగితమో దొరుకుతుందేమోనని." ఆవిడ తలెత్తి చూసింది. "ఒక్కటి దొరికినా బాగుండును. నిద్రలో లేచి తింటున్నానేమో అనిపిస్తోందండీ. అలాంటివాళ్ళున్నారట. రాత్రి వంటగదికి తాళం వేసి చెవి మీ దగ్గరే పెట్టుకోండి. నేను అడిగినా ఇవ్వకండి. ఏడ్చినా ఇవ్వకండి."

తాళం అప్పటికే తెచ్చి పెట్టుకుంది. చెవికి తాడు కూడా కట్టింది, మెళ్ళో వేసుకోవడానికి వీలుగా. ఆవిడే అతని మెళ్ళో వేసింది. తాళంచెవి చొక్కా లోపల ఛాతీకి చల్లగా తగిలింది.

*

గురువారం మధ్యాహ్నం నాలుగింటికి ఆసుపత్రి కింది హాల్లో ఆపరేషన్ అయినవాళ్ళు కలుసుకుంటారు. మూడేళ్ళుగా ఆవిడ ఒక్కతే వెళుతోంది. ఈసారి మాస్టర్ కూడా బయల్దేరాడు. కనిపెట్టి ఉండమని మేడం చెప్పారుగా అన్నాడు. అసలు సంగతి, ఆపరేషన్ చేయించుకుని అక్కడికొచ్చే డ్రైవర్‌ని చూడాలని.

వెన్న డబ్బా మూత మొదటిసారి తెరుచుకున్నది డ్రైవర్ వల్లే. నలభై రోజుల కిందట ఆవిడ ఈ మీటింగు నుంచే వచ్చి చెప్పులు విప్పుతూ, "డ్రైవరన్నయ్య ఫ్లాస్కులో సూప్ తెచ్చాడండీ. ఎంత తేలిగ్గా ఉందో. రెండో చెంచా కూడా తాగాలనిపించింది," అంది. మామూలుగానే అంది. మాస్టర్ ఒళ్ళు మాత్రం అరికాలి నుంచి మండుకొచ్చింది. తన గుండిగ దగ్గర నోరు కుట్టేసుకున్న మనిషి ఎవడో బస్సు తోలేవాడి ఫ్లాస్కు ముందు నోరు తెరిచింది. ఒక చెంచా కాదు, రెండు! ఆ సాయంత్రమే మొదటి వెన్న పడింది. తేలిగ్గా ఉండాలా నీకు? ఉండు, తేలిగ్గా చేస్తాను.

డ్రైవర్ అంటే ఏ మీసాలవాడో, గొంతున్నవాడో అనుకున్నాడు. తీరా చూస్తే అరవై దాటిన మనిషి, వదులైపోయిన చొక్కా, నవ్వితే కట్టుడు పళ్ళు కదులుతాయి. అయినా మాస్టర్ కడుపుమంట చల్లారలేదు. ఇంత చప్పిడి మనిషి సూపా ఈవిడకి నచ్చింది అని ఇంకా పెరిగింది.

"రండి బావగారూ!" అన్నాడు డ్రైవర్, రెండు చేతులూ పట్టుకుని. "చెల్లెమ్మ మీ గురించే చెబుతుంది ఎప్పుడూ. మీ చేతివంట తినే యోగం మాకెప్పుడో."

ఎవడికిరా బావ అనుకున్నాడు మాస్టర్. బయటికి పళ్ళు కనిపించేలా నవ్వాడు.

పన్నెండు మంది గుండ్రంగా కుర్చీలు వేసుకున్నారు. ఒకావిడ జుట్టు రాలడం ఆగిందని చెప్పింది. ఒకాయన విటమిన్ మాత్రలు రెండు నెలలు మానేసి రక్తం తగ్గి పడిపోయాడట, జీవితాంతం వేసుకోవాల్సిందే కదా అని అందరూ ఆయన్ని తగులుకున్నారు. డ్రైవర్ ఫ్లాస్కు మూత తీసి చిన్న కప్పులో రెండు చెంచాలు పోసి ఆవిడకి అందించాడు. ఆవిడ ముందు పుస్తకం తెరిచి, 'నాలుగింటికి, సూప్, రెండు చెంచాలు' అని రాసుకుని, అప్పుడు నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

అలా కళ్ళు మూసుకోవడం మాస్టర్ మూడేళ్ళుగా చూడలేదు.

"ఉప్పు ఒక పిసరు తక్కువైందన్నయ్యా," అంది ఆవిడ. వెంటనే కళ్ళు తెరిచి తల దించుకుంది. "అయినా నా మాట పట్టించుకోకు. నా నాలుక పోయింది."

"పోవడమేంటి?"

ఆవిడ లేచి నిలబడింది. నిలబడాల్సిన పని లేదు, ఎవరూ అక్కడ లేచి మాట్లాడరు. చీరకొంగు వేలికి చుట్టుకుని, విప్పుకుని చెప్పింది. "నేను దొంగతిండి తింటున్నాను. ఎప్పుడు తింటున్నానో నాకు తెలియడం లేదు. ఇల్లంతా వెతికాను. రెండు కిలోలు పెరిగాను. మేడం మొహం చూడలేకపోతున్నాను. వంటగదికి తాళం వేయించాను కూడా."

అందరూ ఒక్కసారిగా ఓదార్చడం మొదలుపెట్టారు. నేనూ తిన్నానమ్మా అంది జుట్టు రాలినావిడ, స్నానాలగదిలో కూర్చుని కేకు తినేదాన్ని. నేను కారులో తినేవాణ్ణి అన్నాడు ఒకాయన. ఒక్కొక్కరూ తమ తప్పు తెచ్చి ఆవిడ ముందు పెట్టారు, నీదీ చెప్పు తేలికపడతావు అన్నట్టు. ఆవిడ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. చేతులు ఖాళీగా నిలబడిపోయింది.

"నాకు పిచ్చి పడుతోందేమోనని భయం," అంది. "మా ఆయన నీళ్ళలాంటి సూప్ కాచి ఇస్తారు. నాకు మాత్రం వెన్న రుచి తగులుతుంది. వెన్నే లేదు అందులో. పెరుగు తియ్యగా ఉంటుంది, తీపే లేదు. నాలుక ఒకటి చెబుతుంది, ఉన్నది ఇంకోటి. ఇరవై మూడేళ్ళు దీని మీదే బతికాం మేము. ఇప్పుడిది కూడా అబద్ధం చెబుతోంది."

డ్రైవర్ తన కప్పులో సూప్ పోసుకుని చప్పరిస్తున్నాడు. ఇంకోసారి చప్పరించాడు.

"చెల్లెమ్మా, ఇవాళ హడావుడిలో ఉప్పు సగమే వేశాను. నాకే ఇప్పుడు గుర్తొచ్చింది. తక్కువే ఉంది." కప్పు కింద పెట్టాడు. "నీ నాలుకకి ఏమీ కాలేదే."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. డ్రైవర్‌కి అర్థమైంది. కట్టుడు పళ్ళ మొహం మాస్టర్‌వైపు తిరిగింది, అందులో వెటకారం లేదు, కోపం లేదు.

"బావగారూ, మీ వంట మీరొకసారి రుచి చూసుకోండి," అన్నాడు నెమ్మదిగా.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చోలేదు. మాస్టర్‌ని కిటికీ వైపు కూర్చోమని, తను ఇవతల కూర్చుంది. అతను ఒకసారి ఓరగా చూశాడు. పెదాలు తడుపుకుని, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు, నాలుకతో అంగిలి తడుముకుంటోంది.

*

శుక్రవారం పొద్దున మాస్టర్ అందరికంటే ముందు లేచి, మెళ్ళోంచి తాళంచెవి తీసి వంటగది తెరిచాడు. బల్ల మీద నీలం అట్ట పుస్తకం ఉంది. రాత్రి తాళం వేసినప్పుడు అది లోపలే ఉండిపోయింది.

చెప్పడానికి నోరు రాదని అతనికి తెలుసు. చెప్పకపోయినా ఇవాళో రేపో ఆవిడే కనిపెడుతుందనీ తెలుసు. ఆవిడ కనిపెట్టాక చెప్పేది ఒప్పుకోలు అవదు, పట్టుబడటం అవుతుంది. ఆ ఒక్క తేడా కోసమే అతను కలం తీశాడు, అంతకంటే గొప్పతనం ఏమీ లేదు. నలభై రోజులు వెనక్కి వెళ్ళి, ప్రతి పేజీలో ఆవిడ గుండ్రటి అక్షరాల కింద తన కోడిగీతలు గీశాడు. 'సూప్ అరగిన్నె' కింద 'వెన్న రెండు చెంచాలు, వేసింది నేను'. 'పెరుగు' కింద 'తేనె, వేసింది నేను'. దడ వచ్చిందని ఆవిడ రాసిన చోట చెయ్యి ఆగింది. ఆ రోజు అతనికి గుర్తుంది. కౌంటరు దగ్గర చెమటలు కక్కుతూ ఆవిడ కూలబడితే అతనే విసనకర్రతో విసిరాడు. భయపడి నాలుగు రోజులు తేనె మానేశాడు. మళ్ళీ గురువారం వచ్చింది, ఆవిడ మళ్ళీ మీటింగుకి వెళ్ళింది, మళ్ళీ వేశాడు. అది కూడా రాశాడు. నూనె వేళ్ళకి పేజీలు మరకలు పడ్డాయి.

పదింటికి ఆవిడ ఉదయం తిన్నది రాసుకోవడానికి పుస్తకం తెరిచింది. మాస్టర్ పొయ్యివైపే తిరిగి నిలబడ్డాడు. వెనక పేజీ తిరిగిన చప్పుడు, కాసేపాగి ఇంకో పేజీ. చాలా పేజీలు తిరిగాయి. తర్వాత పుస్తకం మూసిన చప్పుడు. ఆవిడ నడుముకి గుడ్డ బిగించుకుని, పళ్ళాలు తుడుచుకుంటూ ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అరవైమందికీ మామూలుగానే వడ్డించింది. "అక్కా, ఇవాళ కూరలో ఉప్పు కాస్త ఎక్కువైందే," అన్నాడు ఒక గుమాస్తా. "మాస్టర్‌ని అడుగు బాబూ," అంది ఆవిడ. "ఆయనకే తెలియాలి." ఆ మాట లోపల మాస్టర్‌కి వినిపించింది. పళ్ళెం విసిరినా, నలుగురిలో తిట్టినా ఇంతకంటే సుఖంగా ఉండేది.

అందరూ వెళ్ళాక, పెద్దమ్మని కూడా ఇంటికి పంపేశాక, ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"మేడం, నేనండీ. కారణం తెలిసింది... లేదండీ, నేను తినలేదు... వచ్చే వారం వస్తాం. మా ఆయనే చెబుతారు." ఫోన్ బల్ల మీద పెట్టి మొగుడివైపు తిరిగింది. "వెన్న సంగతి అక్కడ చెప్పుకుందురు గాని. నన్ను ఒక్కటి అడగనివ్వండి. నా నాలుక పోయిందని ఎందుకన్నారు?"

మాస్టర్ చేతిగుడ్డ మడతపెట్టాడు, విప్పాడు.

"నువ్వు వాడి సూప్ రెండు చెంచాలు తాగావు," అన్నాడు.

ఆవిడ కాసేపు ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేని నవ్వు, బల్ల పట్టుకుని నవ్వింది. "ఆ సూప్‌కా! ఆ వేణ్ణీళ్ళకా!" నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, అది నవ్వో కాదో అతనికి తెలియలేదు. "దానికా నేను దిండు గలీబులు విప్పుకున్నాను? నా సంచీ నేనే సోదా చేసుకున్నాను?"

"తప్పైపోయింది."

"నా గుండిగ దగ్గర ఉప్పు చూడటం మానేసి, వాడి దగ్గర చూస్తున్నావని..." అని నసిగాడు మాస్టర్.

"మీ గుండిగలన్నీ చూస్తే నేను బతకనని మానేశానండీ. మీ మీద కోపంతోనా?"

ఆవిడ అతన్ని పక్కకి జరగమని చేత్తో సైగ చేసి, చిన్న పొయ్యి వెలిగించింది. ఇరవై మూడేళ్ళలో ఆ వంటగదిలో ఆవిడ పొయ్యి వెలిగించడం అదే మొదలు. చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టింది. చేప ముక్క వేసింది, క్యారెట్ సన్నగా తరిగి వేసింది, గుడ్డు కొట్టి తెల్లసొన దారంలా జారవిడిచింది. మాస్టర్ తన వంటగదిలో తానే చుట్టంలా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వెన్న డబ్బా అతని మోచేతి పక్కనే ఉంది. దాన్ని ఆవిడ అటకమీద పెట్టలేదు, పారెయ్యలేదు, ఎక్కడున్నదాన్ని అక్కడే ఉంచింది.

అరచేతిలో పట్టే గిన్నెలు రెండు తీసింది. ఒకటి తన ముందు, ఒకటి ఎదురు కుర్చీ ముందు పెట్టింది.

"కూర్చోండి."

కూర్చున్నాడు. ఒకరు వండిపెడితే అతను తిని ఎన్నేళ్ళైందో. అలవాటుకొద్దీ గ్లాసుకోసం చెయ్యి చాస్తే ఆవిడ గ్లాసు దూరంగా జరిపింది. "తిన్నాక అరగంటకి." రెండో చెంచా గబుక్కున ఎత్తబోతే, "నమలండి," అంది. నమిలాడు. ముందు చేప, తర్వాత క్యారెట్. నాలుగో చెంచా దగ్గర ఆవిడ అడిగింది.

"ఉప్పు చూడండి. ఎలా ఉంది?"

ఇన్నేళ్ళూ తను అడిగిన ప్రశ్న, తనని ఎవరూ అడగని ప్రశ్న. అందుకే మాస్టర్ జాగ్రత్తగా, కళ్ళు మూసుకుని మరీ చూశాడు. అబద్ధం చెప్పదలచుకోలేదు.

"తక్కువైంది," అన్నాడు. "అసలు లేనట్టే ఉంది."

ఆవిడ తన గిన్నెలోంచి ఒక చెంచా తాగింది. తొందరపడకుండా మింగింది.

"సరిపోయింది," అంది. "మీ నాలుకే పోయింది."

మాస్టర్ ఆవిడ మొహంలోకి చూశాడు. అందులో ఏమీ దొరకలేదు. ఉప్పు డబ్బావైపు చూశాడు, పొద్దున తను మూత ఎలా పెట్టాడో అలాగే ఉంది. ఆవిడ చెయ్యి దాని దాపుకి కూడా వెళ్ళలేదు, వెళితే తను చూసేవాడే. చూశాడా? గోడకి ఆనుకుని వెన్న డబ్బావైపు చూస్తున్నప్పుడు వేసిందేమో. ఇంకో చెంచా నోట్లో పెట్టుకున్నాడు. చప్పగా ఉన్నట్టే ఉంది. నిజంగా చప్పగా ఉందా? అన్నేళ్ళు రుచి చూడని నాలుక, దాన్ని నమ్మొచ్చా? ఒక్క నిమిషంలోనే కాళ్ళ కింద నేల కదిలినట్టైంది. ఈ నేల మీదే ఆవిడ నలభై రోజులు నిలబడింది.

"అవును," అన్నాడు తల వంచుకుని. "పోయినట్టే ఉంది."

గిన్నె ఖాళీ చేశాడు. అడుగున ఒక్క చుక్క మిగల్చలేదు. ఆవిడ సగం తిని, చాలనిపించగానే చెంచా పక్కన పెట్టి, పుస్తకం దగ్గరికి లాక్కుంది. నూనె మరకల పేజీలు దాటించి కొత్త పేజీలో గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాసింది. రాయడం అయ్యాక పుస్తకాన్ని అతనివైపు తిప్పింది.

'మధ్యాహ్నం మూడు. చేప, క్యారెట్, తెల్లసొన, అరగిన్నె. వండింది నేను. ఉప్పు వేయలేదు.'

మాస్టర్ రెండుసార్లు చదివాడు. లేవబోయాడు, నోరంతా ఆరిపోయింది, నీళ్ళు కావాలి.

"కూర్చోండి," అంది ఆవిడ, గోడ గడియారం చూసి. "ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలుంది."